నవ్వితే మూసుకుపోయే కన్ను

ఆ పొద్దు నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో, మా తాత బేగం బజారులో ఏనుగుకు చీర అమ్మిన కథ చెబుతున్నాను. ఏనుగు కొంగు సర్దుకునే ఘట్టానికి వచ్చేసరికి నోట్లో చాయ్ కుడిపక్క నుంచి అంగీ మీదికి కారింది.

"ఏందిర గా మూతి? కొత్త యాక్టింగా?" అని దోస్తు యాదగిరి ఇంకా నవ్వాడు. కాదని చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. కుడి కన్ను మూద్దామంటే మూతపడలేదు.

దవాఖానలో డాక్టరు నుదురు ముడవమన్నాడు. సగమే ముడతపడింది. "బెల్స్ పాల్సీ. మొఖాన్ని కదిలించే ఫేషియల్ నర్వ్ వాచింది. మెదడుకేం కాలేదు."

"మెదడు మంచిగనే ఉందని రాసియ్యున్రి సారూ, మా చుట్టాలకు సూపిస్త" అన్నది నా భార్య సత్తెమ్మ.

గోలీలు, కంట్లో చుక్కల మందు, పడుకునేటప్పుడు కంటికి పట్టీ, చెంపకు సన్నగా కరెంటు పెట్టే వైద్యం. నేను ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్‌ని. నవ్వకుండా విప్పితే ఎంత పట్టుచీరైనా ఉత్త గుడ్డే. అందుకని తొందరపడి, రోజూ అద్దం ముందు దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వు లాగాను. నెలలు గడిచాక మూతి కదిలింది. ఉరుకుతూ కౌంటరుకు పోయాను.

ఓ అమ్మగారి ముందు చీర పరిచి నవ్వాను. కుడి కన్ను దానంతటదే టక్కున మూసుకుంది.

"కన్ను కొడ్తున్నవా? సేఠ్ ఏడి?"

దుకాణం యజమాని సేఠ్‌కు నా సంగతి తెలుసు, ఆవిడకు తెలియదు కదా. "జర కొన్నొద్దులు గోదాముల కూసో భాయ్" అన్నాడు. లోపల మూటలు కడుతుంటే ముందునుంచి బేరాలు, నవ్వులు వినిపించేవి. పని ఆపి గోడకు చెవి ఆనించేవాణ్ణి. ఇంట్లో ఇంకా అన్యాయం. "నువ్వు లేకుంటే నేనేమైపోదునే" అని సత్తెమ్మతో నవ్వుతూ అంటే, నా కన్ను మూసుకోవడం చూసి "చాల్తియ్, మల్ల కతలా" అని లేచిపోయింది. ఎన్నడో ఒక్క నిజం చెబితే అదీ దాని గతి.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాను. "నరం మల్ల మొలిచేటప్పుడు నోటికి పోయే తీగలు కొన్ని కంటికి పోయినయ్. సింకైనీసిస్ అంటం. మెదడు నవ్వమంటే కన్ను కూడ వింటది."

"అంటే రాంగ్ నంబరా సార్?"

"ఔ. గట్టిగ నవ్వి నవ్వి నువ్వు ఆ రాంగ్ నంబర్‌నే పక్కా చేసుకున్నవ్. ఇగ కన్ను కదలనంత చిన్నగ నవ్వు. మెదడు మల్ల నేర్చుకుంటది, జర టైం ఇయ్యి."

నేను చిన్న నవ్వు నేర్చుకుంటుంటే సత్తెమ్మ ఎదురుగా కూర్చునేది. "గింతే... గింతే... ఆగు, కన్ను మూతపడ్తుంది!" పెదవి గోరంత జరగడానికి వారాలు పట్టింది. యాదగిరి వచ్చి ఒక్క ముచ్చట చెబితే పగలబడి నవ్వేసేవాణ్ణి. కన్ను మళ్ళీ మొదటికి.

ఇప్పుడు తిరిగి కౌంటరు దగ్గరే ఉన్నాను. గోరంత నవ్వుతో అమ్ముతాను. కొత్తవాళ్ళు నన్ను మర్యాదస్తుడనుకుంటున్నారు! కానీ దుకాణం బయట ఎవరైనా తల వెనక్కి వేసి నవ్వుతుంటే జాకెట్టు గుడ్డ కొలవడం మరిచిపోయి చూస్తుంటాను. అట్లాంటి నవ్వు నాకూ ఉండేది.

మీకూ ఇట్లా అయితే బలవంతంగా లాగకండి, మొఖానికి కొద్దికొద్దిగా నేర్పండి. అద్దం ఒక్కటే చాలదు. అద్దంలో కనిపించేది మనం తెప్పించుకున్న నవ్వు. అసలుది మనిషిని చూస్తేనే వస్తుంది. మీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి.