గోడవతలికి వినపడిన నిప్పట్టు

ఆదోని మార్కెట్ యార్డు వెనకపక్క వీధి మాది. ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. అందుకే మా వీధిలో నిప్పట్టు, అదే బియ్యప్పిండి చెక్క, బాగా కుదిరిందో లేదో తేల్చేది ఆ గోడే. సాయంత్రం టీ వేళ ఈ ఇంట్లో కొరికితే పక్కింట్లో వినపడాలి. ఈ పద్ధతి పెట్టింది హమీదాబీ. పరుపులు కుట్టే ఇస్మాయిల్ భార్య ఆమె. డెబ్బై దగ్గర పడినా పళ్లన్నీ పదిలంగా ఉన్నాయి, చెవులైతే పాముచెవులు. మంచంమీద కూచొని "ఇనపడింది" అందంటే ఆ నిప్పట్లు చేసినామెకు వారం రోజులు కాళ్లు నేలమీద ఆనవు.

హమీదాబీ పక్కిల్లు ఉరుకుందుది. వాళ్లకు ఎదురిల్లు నాది. ఉరుకుందు యార్డులో హమాలీగా ఇరవై రెండేళ్లు పత్తి బస్తాలు మోశాడు. పోయిన వేసవిలో లారీమీంచి జారిపడ్డాడు. నడుం దెబ్బతింది. ఇక బరువు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో భార్య రేణుక జిన్నింగ్ మిల్లులో పనికి కుదిరింది. పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం అయిదుకు, జుట్టునిండా పత్తి నూగుతో ఇల్లు చేరుతుంది.

మూడు నెలలు ఆ మనిషి గడపలో కూచొని వచ్చేపోయే ఆటోలు చూశాడు. పలకరిస్తే తల ఊపేవాడు, అంతే. ఒకరోజు నేను ఊరుకోలేక, "ఏమప్పా, నోరు కూడా లారీమీంచి పడిందా?" అన్నాను. నా నోటికి అదుపు లేదని మా వీధంతా ఒప్పుకున్న విషయమే.

అప్పుడు నోరు విప్పాడు. "ఇన్నేండ్లు నేను యార్డు నుంచి వస్తే, టీలోకి గిన్నెనిండా నిప్పట్లు ఉండేటివక్కా. ఇప్పుడు ఆయమ్మి అలిసిపోయి వస్తాంది. వచ్చి సూస్తే ఈడ ఏముంది? నేనుండాను, అంతే. నా సేత్తో నిప్పట్లు సేసి పెట్టల్ల. ఆయమ్మి కొరికితే హమీదాబీకి ఇనపడల్ల."

నేను నవ్వాను. దాచుకోవడమెందుకు, పొట్ట పట్టుకొని నవ్వాను. హోటళ్లలో మిరపకాయ బజ్జీలు వేసేది మగవాళ్లేనని తెలుసు. కానీ బజ్జీ వేరు, నిప్పట్టు వేరు. బజ్జీ ఎలా వేసినా ఎవరో ఒకరు తింటారు.

మర్నాడే మొదలుపెట్టాడు. బియ్యప్పిండి, పుట్నాలపొడి, వేరుశనగ పలుకులు, నువ్వులు, కారం, కరివేపాకు అన్నీ సరిగ్గానే వేశాడు. పిండిలో కాగిన నూనె పోయడం ఒక్కటే మరిచిపోయాడు. ఆ నిప్పట్లతో గోడకు మేకు కొట్టొచ్చు. రేణుక వచ్చి, ఒకటి తీసుకొని టీలో ముంచింది.

మా పక్క నిప్పట్టును టీలో ముంచడమంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. అది జాలి. ముంచి, నానబెట్టి, "బాగుందప్పా" అంది ఆ పిల్ల. ఉరుకుందు తల దించుకున్నాడు. గోడవతలనుంచి హమీదాబీ, "ఇనపడలే బేటా" అంది. ఆమెకు మొహమాటం తెలియదు.

రెండోరోజు నూనె పోశాడు, కానీ అవి పూరీల్లా పొంగాయి. ఒత్తిన తర్వాత చిల్లులు పెట్టాలని నేనే పోయి చెప్పాను, కాస్త ఎగతాళిగానే. మూడోరోజు పత్తి సంచులు కుట్టే దబ్బణాన్ని వేడినీళ్లలో కడిగి, దానితో వరసగా చిల్లులు పెట్టాడు. ఎర్రగా, పలచగా, చూడముచ్చటగా వచ్చాయి. ఎక్కడ నన్ను మించిపోతాడోనని నాకు కొంచెం భయం కూడా వేసింది. రేణుక వచ్చేసరికి అవి చల్లారి, చేత్తో వంచితే వంగాయి. మళ్లీ టీలో ముంచింది. మళ్లీ "బాగుంది" అంది.

"బాగుందనొద్దు," అన్నాడు ఉరుకుందు. "నా తట్టు సూసి అబద్ధం సెప్పొద్దు. బస్తా మొయ్యలేను, సరే. ఇదీ సేతకాదా నాకు?"

రేణుక లేచి లోపలికి పోయింది. ఎదురింట్లో నేను నవ్వలేదు. మొదటి రోజు నవ్వినందుకు సిగ్గేసింది.

నాలుగోరోజు తెల్లారినప్పటినుంచీ ముసురు. మధ్యాహ్నం ఉరుకుందు పళ్లెంలో బియ్యప్పిండి పోసుకొని ఊరికే చూస్తూ కూచున్నాడు. చూస్తూ చూస్తూ గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదిలాడు. పిండి ముద్దగా, వేళ్ల అచ్చులతో అరచేతిలో అలాగే నిలిచింది.

"తడి సరుకు!" అని అరిచాడు.

ఏం ముంచుకొచ్చిందోనని పరుగెత్తాను. పిడికిలి నా మొహం ముందు పెట్టాడు. "పత్తిని ఇట్ల పిసికి ఇడిస్తే, ఆరిన పత్తి పైకి లేస్తాదక్కా. తడిది ముద్దగా ఉండిపోతాది. యార్డులో తేమ సూసే మిషను పెట్టకముందే సావుకార్లు నన్ను పిలిసి, సూడు ఉరుకుందూ అనేటోళ్లు. ఇరవై రెండేండ్లు ఒక్క తప్పు సెప్పలేదు. ఇంట్లో మూడు దినాల నుంచి తడి పిండి పిసుకుతాండాను, తెలుసుకోలేకపోయినాను!"

బియ్యం కడిగి, మబ్బులో ఆరబెట్టి, ఆరకముందే మరకు పంపించాడట. అదీ అసలు సంగతి.

బాణలి పెట్టి పిండి వేయించడం మొదలుపెట్టాడు. "మాడిపోతాదప్పా, ఎవురన్నా నిప్పట్ల పిండి ఏయిస్తారా?" అని నేను మొత్తుకున్నాను. వినలేదు. సన్నమంటమీద కలుపుతూ, మధ్యమధ్య చల్లార్చి పిడికిలి పడుతూ పోయాడు. అయిదోసారి పిండి వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా జారిపోయింది. అప్పుడు కాగిన నూనె పోసి, నీళ్లు చిలకరించి, ఒక్కో వాయికి సరిపడా మాత్రమే కలిపాడు. బుడగలన్నీ అణిగి, నూనె చప్పుడు తగ్గేదాకా ఒక్కటీ బయటికి తియ్యలేదు.

అయిదయింది. రేణుక తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చింది. టీ పోశాడు. పళ్లెం ముందు పెట్టాడు. నేను మా గడపలో నిలబడి, బియ్యం ఏరుతున్నట్టు నటిస్తున్నాను. చేటలో బియ్యం లేవు.

రేణుక నిప్పట్టు తీసింది. చెయ్యి అలవాటుగా గ్లాసు వైపు పోయింది. మధ్యలో ఆగింది. నేరుగా నోట్లో పెట్టుకుంది.

పటుక్కుమంది.

నాకు రోడ్డు ఇవతలకు వినపడింది. రేణుక నమలడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది. ఇంతలో గోడవతలనుంచి హమీదాబీ గొంతు లేచింది. "అరే రేణుకా! ఈ పొద్దు నువ్వు సేసినావా? పనికి పోయొచ్చి యాంటికమ్మా ఈ కష్టం?"

"నేను కాదు పెద్దమ్మా!" అని రేణుక గట్టిగా అరిచింది. అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మా ఆయప్ప సేసినాడు!"

వాకిటి పిట్టగోడమీదుగా ఖాళీ పళ్లెం, దాన్ని పట్టుకున్న గాజుల చెయ్యి పైకొచ్చాయి. "అయితే నాలుగు పెట్టు బేటా. ఇనపడింది."

ఉరుకుందు ఆరు పెట్టాడు. రేణుక కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ రెండోది కొరికింది. టీ చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు వాడు నా వైపు తిరిగి, "ఏమక్కా, నీకు ఇనపడిందా?" అన్నాడు.

"ఇనపడిందిలేప్పా," అన్నాను. చచ్చినట్టు ఒప్పుకున్నాను, సంతోషంగానే ఒప్పుకున్నాను.

ఇప్పుడు పండగ వస్తోందంటే మా వీధి ఆడవాళ్లు పిండి గిన్నెలు పట్టుకొని ఉరుకుందు గడప ముందు నిలబడతారు. వాడు పిడికిలి పట్టి చెప్పాకే బాణలి పెడతారు. మొన్న దసరాకు నేనూ పోయాను. నలభై ఏళ్లుగా నిప్పట్లు చేస్తున్నదాన్ని, నా పిండికి వంక ఉంటుందా అనుకున్నాను. వాడు గుప్పెడు తీసి, బిగించి, వదిలాడు. ముద్ద అరచేతిలో అలాగే నిలిచింది.

"తడి ఉందక్కా. పో, ఏయించుకోని రాపో."

అందరి ముందూ నన్ను వెనక్కి పంపాడు. కోపం నషాళానికంటింది. ఇంటికొచ్చి, తలుపేసుకొని, వేయించుకొని మళ్లీ పోయి వరసలో నిలబడ్డాను.