తలుపు దగ్గరి కుర్చీ

మొన్న ఆదివారం ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా తెలుగు చర్చి గుమ్మం దగ్గర, వరసకి మరిది అయ్యే పెద్దమనిషి నన్ను ఆపేశాడు. "వదినా, ఏమనుకోకు, ఆ సంచి ఒకసారి తెరువు. చర్చిల్లో కాల్పులు జరుగుతున్నాయని సెక్యూరిటీ కమిటీ పెట్టిన రూలు" అన్నాడు. "పులిహోర డబ్బా తప్ప ఏముందయ్యా నా దగ్గర!" అన్నాను. నవ్వాడు గానీ, మూత తీసేదాకా వదల్లేదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక నేను ఒక కన్ను తెరిచి చూశాను. తలుపు దగ్గర కుర్చీలో ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాడు. చప్పున ఎనభైలనాటి చైనా అమ్మాయి గుర్తొచ్చింది.

అప్పట్లో ఇక్కడ తెలుగు చర్చి ఎక్కడిది! ఉన్న నాలుగు కుటుంబాలం తైవాన్‌వాళ్ల సంఘంతో కలిసి శుక్రవారం సాయంత్రాలు మా హాల్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. వాళ్ల పాట వాళ్లది, మా కీర్తన మాది. మధ్యలో వచ్చీరాని ఇంగ్లీషు, చివర్లో నా పకోడీలు. వాళ్లలో పెద్ద ఒక తైవాన్ ఆంటీ. చైనా నుంచి చదువులకి ఒకరొకరే రావడం మొదలైన రోజులవి. అలా వచ్చిన అమ్మాయే, ఎవరూ పిలవకుండా మా గుమ్మంలో నిలబడింది. సోఫా ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చునేది. పాటకి పెదవి కదిపేది కాదు. ప్రార్థనలో కళ్లు మూసేది కాదు. వీధిలో కారు చప్పుడైతే చాలు, కిటికీ వైపు చూసేది.

ఆంటీ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఆ పిల్ల మన మొహాలు గుర్తుపెట్టుకుంటోంది. పేర్లు చైనా ప్రభుత్వానికి పంపుతుంది. మా అన్నయ్య ఇంకా అక్కడే ఉన్నాడమ్మా" అంది. ఇది చెబితే మా ఆయన, "గూఢచారికి నీ పకోడీల రహస్యం తప్ప ఇంకేం దొరుకుతుందే?" అని నవ్వేశారు. ఆ వారం నుంచి ఆయనా గొంతు తగ్గించే ప్రార్థించారు మరి.

చివరికి ఆంటీ తేల్చేసింది. "ఇక రావద్దని ఇవాళ చెప్పెయ్. ఇల్లు నీది." ప్రార్థన అయ్యాక చెబుదామని గుండె చిక్కబట్టుకు కూర్చున్నాను. మధ్యలో ఎవరో తలుపు దబదబా బాదారు.

మేం కళ్లు తెరిచేలోపే ఆ పిల్ల లేచింది. అందరి చేతుల్లోని బైబిళ్లూ లాగేసింది, మా ఆయన కీర్తనల పుస్తకంతో సహా. అన్నీ వంటింట్లో నా బియ్యం డబ్బాలో దూర్చి, పైన బియ్యం కప్పేసి, పకోడీల పళ్లెం మధ్యలో పెట్టి, ఎవరిదో పుట్టినరోజన్నట్టు పెద్దగా నవ్వింది. తలుపు తీస్తే పక్కింటి అమెరికాయన. "మీ కారు నా దారికి అడ్డంగా ఉంది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "ఇదంతా ఎక్కడ నేర్చావు?" అంది ఆంటీ.

"మా ఇంట్లో. అక్కడ ప్రార్థన పోలీసులకి తెలియకుండా చాటుగానే. అందరూ కళ్లు మూసుకుంటే, ఒకరు తలుపు చూడాలి కదా. ఎప్పుడూ నేనే."

ఆంటీ క్షమించమనలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. "ఇవాళ నేను చూస్తాను. నువ్వు మూసుకో" అంది.

ఆ పిల్ల సోఫా చివర కూర్చుని కళ్లు మూసింది, తెరిచింది, ఆంటీ అక్కడే ఉందని చూసుకుని మళ్లీ మూసింది. నేను చెప్పాల్సిన మాట బియ్యం డబ్బాలోనే ఉండిపోయింది.

ఆ కుర్చీ ఆ పిల్ల దేశానిదే అనుకున్నాం అప్పుడు. కాలం దాన్ని మోసుకుంటూ మోసుకుంటూ ఇప్పుడు మా చర్చి గుమ్మం దాకా తెచ్చింది.