కైలాసం పెట్టిన పసుపు

చొప్పదండి పద్మశాలి వాడలో ఇక మగ్గం గుంట దిగనని ఒట్టు పెట్టుకున్న మగవాడు కైలాసం ఒక్కడే. వాళ్ల నాయన ఆ గుంటలోనే దగ్గి దగ్గి పోయాడు. కుర్రతనంలోనే కైలాసానికీ ఆ దగ్గు అంటుకుంది. లారీ మీద క్లీనరుగా పోయి, డ్రైవింగు నేర్చి, బాపురావు దొర కారుకు డ్రైవరయ్యాక గాని అది వదల్లేదు. వాడికి స్టీరింగు కూడు ఒక్కటే కాదు, ఊపిరి కూడా.

దొరది హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న పాత విదేశీ సీమకారు. ఒకనాడు డ్యాష్‌బోర్డులో పెట్రోలు ముల్లూ, ఇంజన్ వేడి ముల్లూ రెండూ కలిసి పడుకున్నాయి. కైలాసం ట్యాంకులో కందికట్టె ముంచి, తడి చూసుకుంటూ నెట్టుకొచ్చాడు. ఒక్కనాడు చూడటం మరిచాడు. పెద్దపల్లి దారిలో, మండుటెండలో, దొరసాని లోపల ఉండగా కారు ఆగిపోయింది.

"ఇంకోపారి నడిమిట్ల నిలవెడితివా, నీ తొవ్వ నువ్వు జూస్కో," అన్నాడు దొర.

కరీంనగర్లో కార్లు బాగుచేసే అంబదాస్ చూడగానే చెప్పాడు: "రెండు ముండ్లు ఒక్కపారే పడ్డయంటే ముండ్లది తప్పు గాదన్నా. యెనకాల రెగ్యులేటర్ పోయింది. బ్యాటరీ కరెంటును జోకి రెండిటికి పంచేది గదే."

అగ్గిపెట్టెంత రేకు డబ్బా అది. అంబదాస్ హైదరాబాదు నుంచి కొత్తది తెప్పించాడు. తానే బిగిస్తానంటే కైలాసం వింటేనా? తన బండి మీద తన చెయ్యే పడాలి. డ్రైవర్లందరికీ ఉండే పిచ్చే అది.

సాలోళ్ల ఇంట్లో నేతలో అటూ ఇటూ ఆడే నాడె కొత్తదైతే, దానికి పసుపు పెట్టకుండా మగ్గం మీద ఆడించరు. మనిషి మగ్గాన్ని వదిలినా అలవాటు మనిషిని వదలదు. భార్య దేవవ్వ నూనెలో పసుపు కలిపి తెచ్చింది. కైలాసం ధారాళంగా పూశాడు, డబ్బా వెనకా, మర పట్టే చోటా కూడా. ఆ డబ్బా రేకు కారు రేకును నేరుగా తాకితేనే కరెంటును సరిగ్గా జోకి, అంటే తూచి, పంచుతుంది. ఆ మాట అంబదాస్ చెప్పలేదు. రేకును రేకుకు బిగిస్తే తాకక ఏం చేస్తుందిలే అనుకున్నాడు పాపం.

తాళంచెవి తిప్పగానే రెండు ముళ్లూ లేచి నిలబడ్డాయి. దేవవ్వ దండం పెట్టింది. కందికట్టె ఆ పూటే పొయ్యిలోకి పోయింది.

వసంత పంచమికి బాసరలో దొర మనవరాలికి అక్షరాభ్యాసం. ముందురోజే బయల్దేరి నిర్మల్లో చుట్టాలింట ఆగారు. దారి పొడుగునా వేడి ముల్లు పైపైనే ఉంది. కైలాసం ఆపి ఆపి నీళ్లు పోశాడు. రేడియేటరు నిండే ఉంది, మూత చల్లగానే ఉంది. అయినా పిచ్చి మారాజు చేతిని నమ్మలేదు, కొత్త ముల్లును నమ్మాడు. ఒక ముల్లు అబద్ధమాడితే పక్కదీ ఆడుతుందని తట్టలేదు. తెల్లారి నిర్మల్ పెట్రోలు పంపు ముందునుంచే పోయాడు. ట్యాంకు నిండుగా ఉందని ముల్లు చెబుతోంది మరి.

భైంసా ఇంకా దూరం ఉండగానే కారు రెండు కుదుపులు కుదిపి నిలిచిపోయింది. ట్యాంకు వట్టిది. బస్సు పట్టుకుని పోయి డబ్బాలో పెట్రోలు తెచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది. పిల్ల పలక పట్టుకునే నిద్రపోయింది. చొప్పదండి చేరాక దొర తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

తర్వాత అంబదాస్ డ్యాష్‌బోర్డు విప్పి, ఎండిన పసుపు గీకి, మళ్లీ బిగించాడు. ముళ్లు నిజం చెప్పడం మొదలుపెట్టాయి. సంగతి తెలియగానే కైలాసం దొర గడీకి పరుగెత్తాడు.

"దొరా, బాంచెన్, తప్పు దొరికింది. బండి మంచిగైంది. ఇగ యాడ ఆగది."

"బండి మంచిగైందిరా. దాటిపోయిన ముహూర్తం తెస్తవా?"

కైలాసం గుంటలోకి దిగాడు, అదీ పరాయి మగ్గం గుంట. ఎంతో కాలం పట్టలేదు, దగ్గు తిరిగొచ్చింది.

ఆ వానాకాలం ముసురు పట్టినప్పుడు దొర కారు మొరాయించింది. కొత్త డ్రైవరు రాజయ్య సెల్ఫు ఎంత కొట్టినా లేవలేదు. పొద్దుగూకే లోపల లేపకపోతే పాతోణ్ణే పిలిపిస్తానని దొర అన్నాడట. రాజయ్య తడుస్తూ వచ్చి మగ్గం ముందు నిలబడి, ఆ మాటతో సహా చెప్పుకున్నాడు.

కైలాసం గుంటలోంచి పైకొచ్చి కూర్చున్నాడు. "చోక్ నిండ గుంజకు. సగం గుంజి, జరసేపు ఆగి కొట్టు. ప్లగ్గులు విప్పి పొయ్యికాడ ఎండవెట్టు," అని ఒక్కటీ దాచకుండా చెప్పాడు. రాజయ్య దండం పెట్టి పోయాడు.

"నోరు మూసుకుంటే గాకపోవునా!" దేవవ్వ తల కొట్టుకుంది. "దొర నిన్నే పిలుస్తుండె గదా!"

"పిలుస్తుండెనే. గని గా బండేం జేసింది పాపం? గీ వానల గట్లనే పడుండాల్నా?"

కాసేపటికి గడీ వైపు నుంచి ఇంజన్ లేచిన చప్పుడు వచ్చింది. దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కైలాసం కొంచెంసేపు విని, మళ్లీ గుంటలోకి దిగాడు.