చెవికి వెళ్తే చెయ్యెందుకు చూస్తారు?

నేను రిటైరైన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం బంధువులంతా మా ఇంట్లో భోజనాలకు కూర్చున్నారు. నా భార్య సరోజిని వంగి పప్పు వడ్డిస్తుంటే ఎడమ చెవి దిద్దు జారి మా చెల్లెలు చిట్టి విస్తట్లో పడింది. శీల ఊడలేదు. ఏళ్ల తరబడి బరువుకు సాగిన చెవి తమ్మె అంచు దాకా చీలిపోయింది.

"పప్పులో బంగారం వడ్డించేది నువ్వొక్కదానివే వదినా!" అని చిట్టి నవ్వింది. అందరం నవ్వాం. సరోజిని చెవి పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇరిగేషన్ శాఖలో కాలువ నీటిమట్టాలు రాసిన అలవాటు కొద్దీ ఇంటి సంగతులు కూడా డైరీలో రాసుకుంటాను. ఆ రోజు "సరోజిని చెవి తెగింది, కుట్టించాలి" అని రాశాను. అది జబ్బుగా మారుతుందని అనుకోలేదు.

ఆ దిద్దులు వాళ్లమ్మవి. మరుసటి ఏడాది జరగబోయే మా షష్టిపూర్తికి అవి పెట్టుకుని పీటల మీద కూర్చోవాలని ఆమె కోరిక. మా వైపు భర్త ఉన్న ఆడవాళ్లు బోసి చెవులతో నలుగురిలోకి రారు.

రాజమండ్రిలో ఒక బ్యూటీ పార్లర్ పైన హైదరాబాద్ డాక్టరొకాయన ఆదివారాలు కూర్చుంటాడని చిట్టే చెప్పింది. వాళ్ల పక్కింటావిడకు పుట్టుమచ్చ తీశాడట. వెళ్లాం. ఏసీ గది, గోడ నిండా ఫ్రేములు, బోర్డు మీద 'కాస్మెటిక్ సర్జన్' అని, పేరు వెనక నాకు తెలియని అక్షరాలు చాలా ఉన్నాయి.

"సర్జరీ ఎక్కడ చదివారండీ?" అని అడిగాను.

సరోజిని నా మోచెయ్యి గిల్లింది. "డాక్టరు గారిని అలా అడుగుతారేంటండీ? పెళ్లిచూపులా ఇవి?"

ఆయన కూడా నవ్వాడు. "ఇది చెవేనండీ మాస్టారూ, గుండె కాదు. అరగంట పని."

నేను మళ్లీ అడగలేదు. మర్యాద కాదనిపించింది. కుడి చెవి సాగిందే గానీ తెగలేదు. "ఎలాగూ వచ్చారు కదమ్మా, రెండూ ఒకేసారి చేసేద్దాం" అన్నాడు. లోకల్ ఎనస్తీషియా ఇచ్చి రెండూ కుట్టాడు. గాయం మానింది. కొన్ని వారాలకు దిద్దుల కోసం కంసాలి చేత చెవులకు మళ్లీ రంధ్రాలు వేయించుకోవచ్చన్నాడు. ఆయన చెప్పినట్టే చేశాం.

ఒక రోజు తలంటు పోసుకుని వచ్చి, "ఏవండీ, ఇక్కడ బఠాణీ గింజంత గట్టిగా తగులుతోంది, చూడండి" అంది. రెండు చెవులకూ ఉంది. డాక్టరు, "లోపలి కుట్టు ముడి, కరిగిపోతుంది" అన్నాడు. కరగలేదు. దురద మొదలైంది, తర్వాత సలుపు. రేగుపండంత అయ్యాక ఆయనే కోసి తీసేశాడు. రెండు మూడు నెలల్లో అంతకన్నా పెద్దవి వచ్చాయి. మళ్లీ వెళ్తే ఆ గదికి తాళం ఉంది. కింద పార్లర్ అమ్మాయి, "ఆయన రావట్లేదండీ ఇప్పుడు. మీలాగే ఇంకా చాలామంది వచ్చి అడుగుతున్నారు" అంది.

అప్పుడు మా ఊరి ఎంబీబీఎస్ డాక్టరు గారు కాకినాడలో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపారు. ఆవిడ చెవులను చేత్తో ముట్టుకోకుండా చూశారు. తర్వాత, "చిన్నప్పుడు టీకా వేయించుకున్నారామ్మా? చెయ్యి చూపించండి" అన్నారు.

సరోజిని జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. టీకా మచ్చ ఎర్రగా, నున్నగా, చుట్టూ కాళ్లు చాపిన పీతలా ఉబ్బి ఉంది. పెళ్లయిన నాటి నుంచీ నేను చూస్తున్న మచ్చే.

"దీన్ని ఆయన చూడలేదా?"

"చెవికి వెళ్తే చెయ్యెందుకు చూస్తారండీ?" అంది సరోజిని.

డాక్టరమ్మ ఆ మచ్చను వేలితో చూపించారు. "మీ చర్మం తత్వమే ఇదమ్మా. కెలాయిడ్ అంటారు. ఎక్కడ గాయం చేసినా అది గాయాన్ని దాటి పెరుగుతుంది. ఉత్తగా కోస్తే ఇంకా పెరుగుతుంది. ముందే నా దగ్గరికి వచ్చుంటే, తెగని చెవి జోలికి అసలు వెళ్లొద్దనేదాన్ని."

నెలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. గట్టి కండలోకి సూది దిగుతుంటే సరోజిని కొంగు కొరుక్కుని కూర్చునేది. కాస్త మెత్తబడ్డాయి. ఈలోగా ఆమెకు షుగర్ పెరిగింది. ఇంజెక్షన్లు ఆపారు. షష్టిపూర్తి వచ్చేసింది. ఆమె తల మీదుగా కొంగు కప్పుకుని పీటల మీద కూర్చుంది. మా మేనత్త ఒకావిడ అక్షింతలు వేయడానికి వచ్చి కొంగు కాస్త తప్పించి, "వీడు నిక్షేపంలా ఉన్నాడు కదే, చెవులు బోసిగా పెట్టుకున్నావేంటే?" అని గట్టిగా అడిగింది. తాళి రెండోసారి కట్టేటప్పుడు సరోజిని తలెత్తలేదు.

ఆ తర్వాత విశాఖపట్నంలో కోసి, మళ్లీ పెరగకుండా వెంటనే రేడియేషన్ ఇచ్చారు. కుడివైపు ఆగింది. ఎడమవైపు మళ్లీ వచ్చింది. కాకినాడ డాక్టరమ్మ చివరిసారి చూసి, "ఇక వదిలేద్దామండీ. తగ్గిస్తానని మాటివ్వలేను" అన్నారు. అబద్ధం చెప్పనందుకు దండం పెట్టి వచ్చేశాం.

ఇప్పుడు ఎడమ చెవి కింద ఉసిరికాయంత కండ ఉంది. కుడివైపు తమ్మె కోతల్లోనే పోయింది. ఎడమవైపు తిరిగి పడుకోలేదు. కుడి చెవికీ తాకితే నొప్పే, ఫోను రిసీవరు ఏ చెవికీ ఆనించుకోలేదు, దూరంగా పెట్టుకుని అరుస్తుంది. పెళ్లిళ్లకు నేనొక్కణ్ణే వెళ్తున్నాను. ఎప్పుడైనా బస్సెక్కితే, ఎదురు సీటు ఆడవాళ్ల చూపు ముందు ఆమె చెవుల మీద పడుతుంది, తర్వాత బొట్టు మీదికి, ఆ తర్వాత నా మీదికి వస్తుంది. ఇది మారుతుందని నేను అనుకోవడం మానేశాను.

చదివేవారికి ఒక్క మాట. చిన్న పనే అని ఎవరన్నా సరే, కత్తి పట్టేవారిని సర్జరీ ఎక్కడ చదివారో అడగండి. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్, ఆపైన ఎం.ఎస్., ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా దానికి సమానమైన డిగ్రీ ఉండాలి. అడిగితే చదువుకున్నవారికి కోపం రాదు. కాకినాడలో నేను మొహమాటపడుతుంటే ఆవిడే గోడ మీది పట్టా చూపించి, "చదవండి, ఎదురుగా పెట్టింది అందుకే" అన్నారు. మీ ఒంటి మీది పాత మచ్చలు వాళ్లు అడగకపోయినా చూపించండి.

మొన్న మా అమ్మాయి వస్తే సరోజిని తన తల్లి దిద్దులు తీసి ఇచ్చింది. ఇచ్చే ముందు పిల్ల జాకెట్టు చెయ్యి పైకి జరిపి, టీకా మచ్చను వేలితో తడిమి చూసింది. అదీ ఉబ్బే ఉంది.

"బరువు మోసేలా మాటీలు తగిలించుకుని పెట్టుకోవే. జుట్టు లాగినా సరే. తెగితే కుట్టించుకునే చెవి కాదు నీది."