అత్తగారు ముందుందా?

ఇదివరకు సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే నేను వసారాలో బాణాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు అన్నం దగ్గరే కూర్చుంటున్నాను. దానికి నాతో పనేం లేదు. నాకే ఎటు వెళ్లాలో తోచదు.

మా ఆయన చెరువులో విల్లుతో చేపలు కొట్టేవారు. వలలవాళ్లు చూసి, అయ్యగారు యుద్ధానికి బయల్దేరారని నవ్వేవారు. ఆయనా నవ్వి ఊరుకునేవారు, మాట తక్కువ మనిషి. చేప మనకి కనబడ్డ చోట ఉండదనీ, నీళ్లు దాన్ని పైకెత్తి చూపిస్తాయనీ, గురి కాస్త కిందికి పెట్టాలనీ పెళ్లైన కొత్తలో నాకు చెప్పారు. అదే మా సరసం.

బాణాలకి దారం కట్టే పని నాది. దారం ఒక కొస పడవలో ఉండే చుట్టకి, ఇంకో కొస బాణానికి. లేకపోతే చేపా పోతుంది, బాణమూ పోతుంది. అయితే దారాన్ని బాణం తోకకి కట్టకూడదు. తోక ఉండేది వింటినారి దగ్గర. వదిలేటప్పుడు దారం వెళ్లి నారికి చుట్టుకుందా, బాణం కొంత దూరం పోయి అంతే జోరుగా కొట్టినవాడి మొహం మీదకే వస్తుంది. అందుకని బాణానికి ఒక జారే పూస వేసి, దారం ఆ పూసకి కడతాం. విల్లు లాగేటప్పుడు పూస విల్లుకి ముందు ఉండాలి. బాణం వెళ్తుంటే అదే వెనక్కి జారి తోక దగ్గర ఆగుతుంది.

ఆ పూసకి ఆయన అత్తగారని పేరు పెట్టారు. దారాన్నీ నారినీ కొత్త జంటలా కలవనివ్వకుండా మధ్యలో కూర్చుంటుందని. పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోంచి "అత్తగారు ముందుందా?" అని అడిగేవారు. నేను ఒక్కో పూసా వేలితో తోసి చూసి, ముందే ఉందనేదాన్ని. లోపల్నించి మా అసలు అత్తగారు, తను ముందూ లేదు వెనకా లేదు, మంచం మీదే ఉంది, ముందు టీ తెమ్మనేవారు. రోజూ అదే మాట, రోజూ నవ్వే.

వానలు మొదలయ్యే ముందు నా చేతి మీద వేడినీళ్లు పడి బొబ్బలెక్కాయి. ఆ సాయంత్రం ఒక బాణానికి దారం ఆయనే కట్టారు. ముడి ఇంత లావు వచ్చింది. ఇది ముడా, మొటిమా అని నవ్వాను. "నీ చెయ్యి తగ్గాక విప్పి కట్టుదువులే" అన్నారు. నా చెయ్యి తగ్గింది. ఈలోగా ఆయనకి జ్వరం వచ్చింది. ఆస్పత్రికి నడిచి వెళ్లిన మనిషి, మోసుకొస్తే వచ్చారు.

వానలు వెలిశాక మా మరిది వచ్చాడు. పట్నంలో అతను పనిచేసే షెడ్డు మూతపడింది. విల్లు ఊరికే ఉంది కదా వదినా, నేను వెళ్తానన్నాడు. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఒక కొడుకు పోయిన తల్లి, ఏమంటారు? తర్వాత నన్ను పిలిచి మెల్లిగా అన్నారు. "అమ్మాయ్, వాడు ఎటూ ఆగడు. వాడికి నువ్వే కట్టి ఇవ్వు."

మర్నాడు పొద్దున్న లేచి చూద్దును కదా, అత్తగారు వసారాలో కుర్చీలో ఉన్నారు, దుప్పటి కప్పుకుని, చిరాగ్గా. మరిది ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడట. అత్తగారంటే పూసని అతనికి తెలీదు; అన్నయ్య రోజూ అత్తగారు ముందుందా అని అడిగేవాడు కదా, అమ్మ మొహం చూసి వెళ్తే మంచిదని కాబోలు అనుకున్నాడు. చేతిలో బాణం చూస్తే, పూస తీసి పారేసి దారం తోకకి కట్టుకున్నాడు.

"నన్ను ఎదురుగా కూర్చోబెడితే ఆ బాణం నీ మొహం మీదకి రాకుండా ఆగుతుందట్రా?" అన్నారు అత్తగారు. అని నవ్వారు. ఆయన పోయాక మా ఇంట్లో ఒకరు నవ్వడం వినడం అదే మొదటిసారి.

మరిదిని ఆపి కూర్చోబెట్టి, పారేసిన పూస వెతికి మళ్లీ ఎక్కించాను. వానల ముందు కట్టిన దారం ముడి దగ్గర పీచులేస్తుంది, దాన్ని నమ్మకూడదు. ఒక్కో పాత ముడీ కత్తిరించి, కొత్త దారం తడిపి బిగించి, కొస కాల్చి ఇచ్చాను. పూస జారుతోందో లేదో అతని చేతే తోయించాను. చివరికి ఆ లావు ముడి బాణం చేతికొచ్చింది. దాని దారమూ పీచులేసింది. కత్తెర పెట్టాను. ముడి మీద ఆయన పంటితో లాగిన నొక్కు ఇంకా ఉంది. కత్తెర కింద పెట్టేశాను.

"అది కట్టవా వదినా?" అన్నాడు మరిది.

"అది చెరువుకి రాదు" అన్నాను.

అతను చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఆగి, తెచ్చిపెట్టుకున్న గొంతుతో అడిగాడు, అత్తగారు ముందుందా అని. కుర్చీలోంచి అత్తగారే చెప్పారు, ముందే ఉందిరా, వెళ్లిరా అని.

ఆ లావు ముడి బాణం ములికికి గుడ్డ చుట్టి, ఎవరూ పొరపాటున తీసుకెళ్లకుండా నా చీరల పెట్టె వెనక పెట్టుకున్నాను. చెయ్యి తగ్గాక విప్పి కట్టమన్నారు. చెయ్యి ఎప్పుడో తగ్గింది. ఆ ముడి మాత్రం నేను విప్పను.