ముల్లు తిప్పిన చెయ్యి

ఊళ్ళో ఆయన్ని పాటలాయన అంటారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ ఆ చిన్న ఊళ్ళో రెండు రేడియో స్టేషన్లున్నాయి. పాత పాటల స్టేషన్‌లో ఏ పాటలు వెయ్యాలో ఎంచేది ఈయనే. పొద్దున్నే మంగలి షాపు ముందూ దర్జీ కొట్టు ముందూ చెప్పులో రాయి పడ్డట్టు వంగి, లోపల ఏ స్టేషన్ మోగుతోందో చెవి రిక్కించి వింటాడు. కొన్నాళ్ళుగా ఎక్కడ విన్నా ఎదుటి స్టేషన్ వేసే కొత్త పాటలే. చివరికి తనే స్టేషన్ యజమానితో, "ఇక మనమూ కొత్తవే వేద్దామండీ. తప్పదు," అన్నాడు.

పాటలు మారిన రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి, తల్లి లేని తనను పెంచి, ఇప్పుడు పక్షవాతంతో మంచం పట్టిన అక్క, "రేడియో పాడైందిరా తమ్ముడూ. పొద్దున్నుంచీ ఒకటే గోల. బాగుచేయించరాదూ," అంది. ఆయన రేడియో ముల్లు పక్కకు తిప్పాడు. ఎదుటి స్టేషన్‌లో పాత పాట వస్తోంది. ఈయన స్టేషన్ కొత్త పాటలకు మారుతోందని వాసన పట్టి, వీళ్ళు వదిలేసిన శ్రోతల కోసం వాళ్ళు పాతవి ఎత్తుకున్నారు.

"ఆఁ, ఇప్పుడు బాగైంది. ఇది నువ్వు ఎంచిందే కదూ? నీ చెయ్యి నాకు తెలీదా," అంది అక్క కళ్ళు మూసుకుని.

"నేనేనక్కా," అన్నాడు.

ఇప్పుడు రోజూ ఆమె రేడియోలో ఎదుటివాళ్ళ స్టేషన్ పెట్టి మరీ తన స్టేషన్‌కు వెళ్తాడు. సాయంత్రం ఆమె మెచ్చుకునే ఒక్కో పాటకూ, ఆమె కోసం అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి కాసేపు ఆగిపోతుంది.