ఆలోచించుకొని వస్త సార్

మోండా మార్కెట్లో బేరమాడి నన్ను గెలిచినవాళ్ళు లేరని, నా ఈడువాళ్ళు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే సాక్ష్యం చెబుతారు. కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి కాసుల పేరు దాకా నేను అడిగిన ధరకు దిగిరాని మనిషిని నేను చూడలేదు, ఒక్కరిని తప్ప. ఆయన మా ప్రొఫెసరు గారు. ఆయన పైసా తీసుకోకుండా, తన చేతులతో నాకు ఇవ్వబోయిన వస్తువును, ఇది చాలదని వదిలి లేచి వచ్చిన ఘనత సికింద్రాబాదు మొత్తంలో నాకొక్కదానికే దక్కింది. ఊరికే వచ్చేదాన్ని కూడా బేరమాడి పోగొట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి దుకాణంలో పుట్టి పెరగాలి.

ఈ సంగతి ఇన్నేళ్ళకు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా పక్క వాటాలో ఉండే పిల్ల ఒక కాగితం పట్టుకొని వచ్చింది. పై చదువుకు దరఖాస్తు పెడుతోందట, దానికి ప్రొఫెసరు సిఫారసు ఉత్తరం కావాలట. వెళ్ళి అడిగితే ఆ సారు తనకు తీరిక లేదని, నువ్వే రాసుకొనిరా, సంతకం పెడతానని చెప్పాడట. పాపం ఆ పిల్ల తన గురించి తానే పేజీ నిండా పొగుడుకొని, "నానమ్మా, జెర చూడు, గింత సాలుతదా, ఇంకింత ఎయ్యాల్నా" అని నన్నడిగింది. కళ్ళజోడు పెట్టుకొని చదివాను. అబద్ధమేమీ లేదు గాని, బండి మీద టమాటాలు పేర్చినట్టు నిగనిగలాడేవన్నీ పైకి పెట్టింది. చాలు బిడ్డా అని పంపించాను. ఆమె పోయిన తర్వాత ఆ పూటంతా మారేడుపల్లిలోని ఒక వరండా నా కళ్ళ ముందు నుంచి కదలలేదు.

మా నాయనది ఇత్తడి సామాను దుకాణం. దుకాణానికి యజమాని మా నాయనే అయినా బేరానికి యజమానురాలు మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, గల్లా వెనక పీట వేసుక్కూర్చుని, బిందె మీద వేలితో ఒక్కటి కొట్టి దాని బరువు చెప్పేది. వచ్చినవాళ్ళ నడక చూసి వాళ్ళ సంచీ బరువు కూడా చెప్పేది. నేను ఓనమాలకన్నా ముందు ఆమె దగ్గర బేరం నేర్చుకున్నాను. అందులో అన్నిటికన్నా పెద్ద విద్య లేచిపోవడం. కొనేవాళ్ళు "ఆలోచించుకొని వస్తం" అంటారు, అంటే దానర్థం వాళ్ళు ఆలోచిస్తారనీ కాదు, మళ్ళీ వస్తారనీ కాదు; మమ్మల్ని వెనక్కి పిలవండి అని. వాళ్ళు పక్క దుకాణం మెట్టు మీద కాలు పెట్టకముందే మేము పిలవాలి, మరీ తొందరగా పిలిస్తే చులకన, ఆలస్యం చేస్తే బేరం పోతుంది. మా బజారులో ఈ మర్యాద తెలియనివాళ్ళు ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజుల సంగతి మీలో కొందరు వినే ఉంటారు. పోలీసు చర్య నాటి ఆ కొన్నాళ్ళూ మార్కెట్టంతా తలుపులు మూసుకొని, ఎవరింట్లో రేడియో ఉంటే వాళ్ళింటి గోడకు చెవులానించి బతికాము. తలుపులు తెరిచేసరికి సర్కారు మారింది. దుకాణాల్లో మాత్రం హాలీ సిక్కా, కల్దారు రెండూ కొన్నేళ్ళు పక్కపక్కనే నడిచాయి. నిజాం నాణెం హాలీ, ఇండియా నాణెం కల్దారు. కల్దారుకు ధర కాస్త ఎక్కువ, పైగా పరాయి ఊళ్ళో హాలీ చెల్లదు. ఏ మాట మాట్లాడినా "హాలీయా, కల్దారా" అని అడగడం మా ఇంట్లో ఊతపదమైపోయింది. పెళ్ళి సంబంధం వచ్చినా మా అత్త అదే అడిగేది.

కొత్త సర్కారులో ఆడపిల్లలకు కూడా నౌకరీలు ఇస్తారని ఎవరో చెబితే, పెట్టుబడి మంచిదే అనుకొని మా నాయన నన్ను కాలేజీకి పంపించాడు. అక్కడ చరిత్ర చెప్పేవారు మా ప్రొఫెసరు గారు. కరీంనగరం వైపు ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే. ఇరవై ఏళ్ళు ఉర్దూలో పాఠం చెప్పిన మనిషి, కాలేజీ ఇంగ్లీషుకు మారిందనేసరికి ఆ వయసులో నిఘంటువు పక్కన పెట్టుకొని కొత్తగా నేర్చుకొని, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూకం వేసినట్టు చెప్పేవారు. ఆయన తమ్ముళ్ళు కరాచీకి పోయారు, ఆయన పోలేదు. ఎందుకు పోలేదని ఎవరో అడిగితే, పాఠం సగంలో ఉందన్నారట. ఆ పాఠాలు విన్నందువల్లనే నాకు తీరని ఆశ ఒకటి పుట్టింది: నేను కూడా సుద్దముక్క పట్టుకొని నల్లబల్ల ముందు నిలబడాలని. అందుకు ఎమ్మే చదవాలి. మద్రాసులో ఒక కాలేజీ ఫీజూ హాస్టలూ లేకుండా కొద్దిమందికి సీట్లు ఇస్తుందని తెలిసింది. మా నాయన ఒకటే మాట చెప్పాడు, ఊరికే ఇస్తే పో, లేకుంటే వచ్చి గల్లా మీద కూర్చో అని. దరఖాస్తుతోపాటు ఒక ప్రొఫెసరు గట్టిగా సిఫారసు చేస్తూ రాసిన ఉత్తరం పెట్టాలి. నా బతుకు నల్లబల్ల ముందో ఇత్తడి బిందెల వెనకో ఆ కాగితం తేలుస్తుందని నాకు తోచింది.

ఆడపిల్ల ఒక్కతే పోకూడదని మా అత్త తోడు వచ్చింది. ప్రొఫెసరు గారి భార్య మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, మా అత్త వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టదని అడగకుండానే గ్రహించి, కోయని బత్తాయిలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. మా అత్త పండు ఒలుచుకుంటూనే ఆమె ఆకువక్కల పాన్‌దాన్‌ను చూపుతోనే తూచి, దానికి కళాయి వేయించక ఎన్నాళ్ళయిందని కూపీ లాగడం మొదలుపెట్టింది. ప్రొఫెసరు గారు కాగితం, కలం తీసుకొని నా వైపు తిరిగి, "ఏం రాయాల్నమ్మా" అని అడిగారు.

అడిగినవాళ్ళు ధర చెప్పమన్నట్టే కదా మాకు. ఎంతకు తెగాలో మనసులో పెట్టుకొని, దానికి రెట్టింపుతో మొదలుపెట్టడం ధర్మం. "పదేండ్లల్ల ఇసొంటి స్టూడెంటును సూడలేదని రాయుండ్రి సార్" అన్నాను.

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు. "నిరుడే చూసిన గదమ్మా. నీ పక్కనే కూసుంటది."

నా పక్కన కూర్చునేది లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్ల, క్లాసులో మొదటిది. సరే, ఒక మెట్టు దిగాను. పోనీ క్లాసులో మొదటి ఇద్దరిలో ఒకతె అని రాయమన్నాను. మొదటి ఇద్దరిలో రెండో ఆమె అని రాయాలి, అట్లా రాస్తే బాగుండదన్నారు. ఇంకో మెట్టు దిగుతున్నాననుకొని, మహా తెలివైనదని రాయమన్నాను. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ఇట్లా కాదని కాగితం మీద తానే రెండు వాక్యాలు రాసి, నాకు చదివి వినిపించారు. ఈ విద్యార్థిని నా దగ్గర రెండేళ్ళు చరిత్ర చదివింది. తెలియని సంగతి వస్తే తెలియదని రాస్తుంది, తెలిసిన సంగతిని వదిలిపెట్టదు. అంతే.

పరీక్షలో ఒక ప్రశ్నకు నేను నాకు తెలియదని రాసిన మాట వాస్తవమే. అది సత్యవ్రతం కాదు. సరుకు లేకపోతే లేదని చెప్పి పంపడం మా దుకాణం అలవాటు, ఊరికే నాన్చితే వాళ్ళ పొద్దూ మన పొద్దూ దండగ. కాని అమ్మకానికి పెట్టిన బిందె మీద ఇక్కడ సొట్ట ఉందని ఎవరైనా రాస్తారా? మద్రాసు వాళ్ళు చదివితే ఏమనుకుంటారు? పైగా ఆ క్షణంలోనే నా బుర్రలో హాలీ, కల్దారు లెక్క మొదలైంది. ఈయన పాత సర్కారు కాలం మనిషి, ఈయన సంతకం ఇక్కడ చెల్లినా మద్రాసులో ఎవరికి తెలుసు, దాని మీద ఇంత తక్కువ రాస్తే ఎట్లా అని. ఇంకేముంది, మా అత్త నేర్పిన విద్య తీశాను. లేచి నిలబడి, "ఆలోచించుకొని వస్త సార్" అన్నాను.

"మంచిది, ఆలోచించుకో" అని ఆయన కలానికి మూత పెట్టారు.

మా అత్తకు ఒక్క చూపుతో సంగతి అర్థమైంది. వరండా మెట్లు దిగుతూ చెప్పులో ముల్లు గుచ్చుకున్నట్టు వంగింది. లేచి, కొంగు సర్దుకుంది. జామచెట్టు దగ్గర ఆగి, ఎంత బాగా కాసిందో అని అందరికీ వినబడేటట్టు మెచ్చుకుంది. "ఎనక్కి సూడకు బిడ్డా, పిలుస్తడు" అని గొణుగుతూనే ఉంది. గేటు గొళ్ళెం తీయడానికి మా ఇద్దరికీ పట్టినంత సేపు ఎవరికీ పట్టి ఉండదు. లోపల నుంచి పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఆయన చదువుకుంటున్నారు.

రోడ్డు మీదికి వచ్చాక మా అత్త, "ఈ సారు దుకాణం పెడితే వారంల మూస్తడే" అంది. మర్నాడు పోయి ఆ రెండు వాక్యాలే తెచ్చుకోవచ్చు. కాని దాటి వచ్చిన దుకాణానికి మళ్ళీ మనంతట మనం పోవడమంటే మా బజారులో తల వంచుకోవడమే. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు లెక్చరరు గారి దగ్గరికి పోయాను. ఆయన మంచివాడు, చేతికి ఎముక లేదు. నా పేరు ఒకసారి అడిగి తెలుసుకొని, పేజీ నిండా విశేషణాలు కురిపించారు. అది కల్దారు అనుకున్నాను. దారంతా ఆ కాగితాన్ని గుండెకు హత్తుకొని వచ్చాను.

సీటు లాలాగూడ పిల్లకు వచ్చింది, నాకు రాలేదు. ఆమె ప్రొఫెసరు గారి ఉత్తరమే పెట్టింది. చాలా తెలివైనది, తొందర ఎక్కువ అని రాశారట. మద్రాసులో ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడ అది చదివి, ఇట్లా రాసిన మనిషి మాట నమ్మొచ్చని నవ్విందట. సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఈ మాట చెబుతుంటే, నేను బిందె మీద దుమ్ము తుడుస్తూ, తుడిచినచోటే తుడుస్తూ కూర్చున్నాను. అప్పటికే గల్లా నాదైంది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు, ఒక మధ్యాహ్నం ప్రొఫెసరు గారే మా దుకాణానికి వచ్చారు. నౌకరీ అయిపోయిందట, సొంత ఊరికి పోతున్నారట, ప్రయాణానికి ఒక చెంబు కావాలట. నోరు అలవాటు కొద్దీ బేరానికి జాగా ఉంచి ధర చెప్పింది. ఆయన మారు మాట లేకుండా జేబులో చెయ్యి పెట్టారు. "అంత కాదు సార్, బేరమాడుతరని ఎక్కువ చెప్తం" అన్నాను.

"మరి ఆడనోళ్ళు?"

"నష్టపోతరు సార్."

ఆయన ఆ మాటను కూడా పాఠంలా విని తల ఊపారు. అసలు ధర ఇచ్చి, చెంబు సంచీలో పెట్టుకొని, పోతూ పోతూ ఆగి అన్నారు. "ఆ దినం నువ్వు మల్లొస్తనంటివి. నేను చానా దినాలు చూసిన బిడ్డా. రాకపోతివి."

"మీరు పిలుస్తరనుకున్న సార్" అన్నాను.

"ఎట్ల పిలుస్త? ఆలోచించుకొని వస్తనని నువ్వే అంటివి గదా."

ఆయన మెట్లు దిగి జనంలో కలిసిపోయారు. పోతున్నవాళ్ళను ఎప్పుడు పిలవాలో అంత బాగా తెలిసినదాన్ని, ఆయనను పిలవలేదు. పిలిచి ఏం చెప్పాలో తోచలేదు.

ఇప్పుడు మోండాలో కూడా సగం సామాను మీద ధరల చీటీలు అంటించి ఉంటున్నాయి. అలిగి నాలుగడుగులు వేసినా వెనక్కి పిలిచే గొంతు లేదు, పిల్లలు ఫోనులో చూసుకొని ఇంటికే తెప్పించుకుంటున్నారు. ధరలు ఖరారైపోయాయి, ఉత్తరాల్లో పొగడ్తలకు మాత్రం ఖరారు పోయింది. ఎవరి సరుకు వాళ్ళే తూచుకొని ఎవరి సంతకమో వేయించుకుంటున్నారు. తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఆ రోజు నాకు ఆ వీలుంటే నేనూ అదే చేసేదాన్ని, ఇంకో పేజీ ఎక్కువే రాసేదాన్ని.

ఇక లెక్క. మద్రాసు సీటు ఆ ఉత్తరం లేకనే పోయిందని రాసుకుంటే నాకు హాయిగా ఉంటుంది గాని, నా మార్కులు లాలాగూడ పిల్లవాటి కన్నా తక్కువ, అదీ ఇదీ కలిసే పోయింది. ఇత్తడి పోయి స్టీలు వచ్చినా దుకాణం నాకు అన్నం పెట్టింది, తమ్ముళ్ళను చదివించింది; అది లాభం కిందే రాయాలి. లెక్చరరు గారి పేజీ నిండా పొగడ్తకు నాకైన ఖర్చు రిక్షా కిరాయి, దాని విలువా అంతే, చెల్లుకు చెల్లు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నన్ను పొగిడినవాళ్ళు చాలామంది; ఎవరేం అన్నా వింటూనే సగం కొట్టేసి, మిగిలిన సగాన్ని కూడా అనుమానంగా దాచుకున్నాను. కొట్టేయాల్సిన అవసరం లేని మాట నా గురించి ఒక్క మనిషే అన్నారు, దాన్ని ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను. నష్టం అదొక్కటే. పెద్దదే.